తండ్రి అని డీఎన్‌ఏ తేల్చితే బిడ్డను వెనక్కి పంపిస్తారా? హేగ్ కేసుల్లో పితృత్వ పరీక్ష, కస్టడీ హక్కు

నీలిసిరా (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఒక చిక్కు గురించి తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పాలి.

పెళ్ళి కాని జంట. బిడ్డకు మూడేళ్ళు. పుట్టిన సర్టిఫికెట్‌లో తండ్రి పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. తండ్రి మొదటి రెండేళ్ళు అదే ఇంట్లో ఉన్నాడు. విడిపోయాక వారంలో మూడు రోజులు బిడ్డ ఆయన దగ్గరే ఉండేది. తల్లి ఒకరోజు చెప్పాపెట్టకుండా బిడ్డను తీసుకుని మరో దేశం వెళ్ళిపోయింది. అక్రమంగా దేశం దాటించిన పిల్లలను వెనక్కి రప్పించే 1980 నాటి హేగ్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉన్నవే. ఇప్పటికి నాలుగు నెలలైంది.

ముందు డీఎన్‌ఏ పరీక్ష చేయించి, తండ్రి అని తేలాక ఆ రిపోర్టు పట్టుకుని బిడ్డను వెనక్కి పంపమని అడగాలని తండ్రి తరఫువాళ్ళు అనుకుంటున్నారు. ఈ వరస సరైనదేనా? తండ్రి ఒక దేశంలో, బిడ్డ ఇంకో దేశంలో ఉంటే నమూనాలు ఎలా తీస్తారు? ఇంటికి తెప్పించుకునే కిట్‌ను కోర్టు ఒప్పుకుంటుందా?

తులాభారం (జవాబు)

నీలిసిరా గారూ, ఆ వరసలో వెళ్తే చేతిలో ఉన్న గడువు కాస్తా కరిగిపోతుందండీ.

డీఎన్‌ఏ చెప్పేది రక్తసంబంధం. హేగ్ కేసు వినే జడ్జి అడిగేది వేరు. బిడ్డను దేశం దాటించే ముందు ఈ మనిషికి కస్టడీ హక్కు ఉందా, దాన్ని నిజంగా వాడుకుంటున్నాడా అని అడుగుతారు. ఒప్పందంలో 3వ అధికరణం ఇదే. హక్కు ఉందో లేదో తేల్చేది బిడ్డ అప్పటిదాకా స్థిరంగా నివసించిన దేశపు చట్టం. తల్లి చేరుకున్న దేశపు చట్టంతో గానీ, తండ్రి పాస్‌పోర్టు ఏ దేశానిదన్నదానితో గానీ సంబంధం లేదు.

ఆ హక్కు చట్టం వల్ల దానంతట అదే రావచ్చు, కోర్టు లేదా ప్రభుత్వాధికారి ఉత్తర్వు వల్ల రావచ్చు, చట్టం గుర్తించే ఒప్పందం వల్లా రావచ్చు. పెళ్ళికాని తండ్రి విషయంలో దేశానికో తీరు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2003 డిసెంబర్ 1 నుంచి జనన నమోదులో తండ్రిగా పేరు ఎక్కితే పేరెంటల్ రెస్పాన్సిబిలిటీ, అంటే బిడ్డ విషయంలో తల్లిదండ్రులకుండే చట్టబద్ధమైన హక్కులు, బాధ్యతలు, వస్తుంది. పేరు ఎక్కకపోతే తల్లితో నిర్ణీత ఫారంలో ఒప్పందం గానీ కోర్టు ఉత్తర్వు గానీ ఉండాలి. జర్మనీలో ఉమ్మడి కస్టడీ ప్రకటన లేకపోతే, కోర్టు ఉత్తర్వూ లేకపోతే, పెళ్ళికాని తల్లికే కస్టడీ. అక్కడ తండ్రిగా గుర్తింపు పొందడం ఒక మెట్టు, కస్టడీ పొందడం ఇంకో మెట్టు. ఐర్లండ్‌లో తల్లితో వరసగా 12 నెలలు కలిసి ఉండి, అందులో బిడ్డ పుట్టిన తర్వాత కనీసం 3 నెలలు ముగ్గురూ ఒకచోట ఉంటే తండ్రి గార్డియన్ అవుతాడు. అయితే 2016 జనవరికి ముందు గడిపిన కాలం లెక్కలోకి రాదు. ఈ మూడు దేశాల్లో ఎక్కడా డీఎన్‌ఏ సరిపోయినంత మాత్రాన కస్టడీ వచ్చేయదు.

దీని మీద యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2010 అక్టోబర్‌లో ఇచ్చిన తీర్పు ఉంది, నంబరు సీ-400/10 పీపీయూ. ఐర్లండ్‌లో పెళ్ళి కాని తండ్రి. పిల్లలకు ఆయనే తండ్రి అన్నదానిపై వివాదమే లేదు. తల్లి పిల్లలను ఇంగ్లండ్ తీసుకెళ్ళిన నాటికి ఆయన చేతిలో కోర్టు ఉత్తర్వు లేదు. కస్టడీకి ముందుగా కోర్టు తీర్పు కావాలని ఒక దేశం షరతు పెట్టుకోవచ్చని, అది ప్రాథమిక హక్కులకు విరుద్ధం కాదని న్యాయస్థానం చెప్పింది. కోర్టుకు వెళ్ళే అవకాశం తండ్రికి ఉంటే చాలంది. చాలా కఠినమైన తీర్పు. కానీ మీ కేసులో ఎదుటి లాయరు మొదట తీసి చూపించేది ఇదే.

అందుకే చట్టం దానంతట అది హక్కు ఇవ్వకపోయినా మిగిలిన దారులు వెతకాలి. మొదటిది, పెండింగ్ పిటిషన్. బిడ్డను తీసుకెళ్ళేనాటికే తండ్రి కస్టడీ కోసం కేసు వేసి, అది తల్లికి అంది ఉంటే, కొన్ని దేశాల్లో కస్టడీ హక్కు ఆ కోర్టుకే ఉన్నట్టు లెక్క. 3వ అధికరణంలో వ్యక్తితో పాటు సంస్థ అన్న మాట కూడా ఉంది కనుక ఇది చెల్లుతుంది. ఈ కేసులో అలాంటి పిటిషన్ ఏదైనా ఉందేమో, దాని నంబరు, నోటీసు అందిన తేదీతో సహా చూడండి.

రెండోది, దేశం దాటించాలంటే అనుమతి తీసుకోవాల్సిన హక్కు. బిడ్డ ఎక్కడ నివసించాలో నిర్ణయించే హక్కు కస్టడీ హక్కుల్లో భాగమని 5వ అధికరణం చెబుతుంది. చిలీ నుంచి వచ్చిన కేసులో అమెరికా సుప్రీం కోర్టు 2010లో దీన్నే ఖాయం చేసింది. ఆ తండ్రికి ఉన్నది బిడ్డను చూసే హక్కే. అయినా అలాంటి తండ్రి అనుమతి లేకుండా బిడ్డ దేశం దాటకూడదని చిలీ చట్టంలో ఉంది కాబట్టి అదీ కస్టడీ హక్కేనన్నారు. మీరు చెప్పిన కేసులోని తండ్రికి బిడ్డను కలిసే ఉత్తర్వు ఏదైనా ఉంటే దాన్నీ, దాని వెనక ఉన్న చట్టాన్నీ పదం పదం చదివించండి. ప్రయాణానికి సంబంధించిన ఒక్క వాక్యం కేసు దిశ మార్చేస్తుంది.

మూడోది చాలామంది చూడరు. ఈ కుటుంబం అంతకుముందు ఇంకో దేశంలో ఉందా? 1996 హేగ్ బాలల రక్షణ ఒప్పందంలోని 16వ అధికరణం ప్రకారం, ఒక దేశంలో చట్టం వల్ల వచ్చిన పేరెంటల్ రెస్పాన్సిబిలిటీ బిడ్డ మరో దేశానికి మకాం మార్చినా పోదు. మొదటి దేశంలో ఆ హక్కు వచ్చి ఉండి, ఆ తర్వాత ఉన్న దేశం ఈ 1996 ఒప్పందంలో ఉంటే, పాత హక్కే ఇప్పుడు అక్కరకొస్తుంది.

ఇవేవీ లేనప్పుడు ఇంగ్లండ్ కోర్టులు మాత్రం ఇంకా పూర్తి రూపం రాని హక్కులను కూడా కొంతవరకు ఒప్పుకుంటాయి. 2014లో యూకే సుప్రీం కోర్టు లిథువేనియాలో బిడ్డను పెంచిన అమ్మమ్మ తరఫువాళ్ళ విషయంలో ఇలా ఒప్పుకుంది. కానీ అక్కడ తల్లి బిడ్డను పూర్తిగా వాళ్ళకే వదిలేసింది. వారానికి మూడు రోజులు చూసుకున్న తండ్రికి ఆ తీర్పు అంత తేలిగ్గా అతకదు. మిగతా దేశాల్లో దీని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక ఇప్పుడు ఏం చేయాలి? డీఎన్‌ఏ కోసం ఆగకుండా ఈ వారమే సెంట్రల్ అథారిటీకి, అంటే ఈ ఒప్పందం పనులు చూడటానికి ప్రతి దేశమూ పెట్టుకున్న ప్రభుత్వ సంస్థకు, దరఖాస్తు పెట్టాలి. 12వ అధికరణం ప్రకారం తీసుకెళ్ళిన రోజు నుంచి ఏడాది లోపు బిడ్డ ఉన్న దేశంలో కేసు పడాలి. సెంట్రల్ అథారిటీకి దరఖాస్తు ఇచ్చిన తేదీని లెక్కించరు, బిడ్డ ఉన్న దేశంలో కోర్టు లేదా అధికారి ముందు ప్రక్రియ మొదలైన తేదీనే చూస్తారు. ఏడాది దాటాక బిడ్డ కొత్తచోట కుదురుకుందని తేలితే పంపకపోవచ్చు. బిడ్డను దాచిపెట్టినా సరే ఈ ఏడాదిని పొడిగించేది లేదని అమెరికా సుప్రీం కోర్టు 2014లో చెప్పేసింది. దరఖాస్తుతో పాటు, మీ దేశపు కస్టడీ చట్టం ఏం చెబుతుందో వివరించే ధ్రువీకరణ పత్రం లేదా అఫిడవిట్ జతచేయండి, 8వ అధికరణంలో దానికి వీలుంది. అక్కడి జడ్జికి మీ చట్టం తెలియదు. ఆ నాలుగు పేజీల పత్రం డీఎన్‌ఏ రిపోర్టు కంటే ఎక్కువ పని చేస్తుంది.

అవసరమైతే 15వ అధికరణం కింద, తీసుకెళ్ళడం అక్రమమని బిడ్డ నివసించిన దేశపు కోర్టు నుంచే నిర్ణయం తెమ్మని అక్కడివాళ్ళు అడగొచ్చు. దాన్ని ముందే మొదలుపెట్టి ఉంచడం మంచిది.

బిడ్డ వెళ్ళాక తెచ్చుకున్న ఉత్తర్వు వెనక్కి వెళ్ళి ఆ రోజునే హక్కు ఉన్నట్టు చేయదు. కానీ ఒక సందు ఉంది. 3వ అధికరణం తీసుకెళ్ళడంతో పాటు అట్టిపెట్టుకోవడం గురించి కూడా మాట్లాడుతుంది. తల్లి సెలవులకని వెళ్ళి 20న తిరిగి వస్తానని ఉంటే, తండ్రికి 10న కోర్టు హక్కు ఇస్తే, 20న తిరిగి రాకపోవడం అక్రమమే అవుతుంది. చెప్పకుండా వెళ్ళిపోయిన కేసుల్లోనూ బిడ్డ స్థిరనివాసం ఇంకా మారలేదని చూపగలిగితే, ఉత్తర్వు వచ్చాక అట్టిపెట్టుకోవడం అక్రమమని ఇంగ్లండ్‌లో తీర్పు ఉంది. వారాలు గడిచేకొద్దీ ఆ సందు మూసుకుపోతుంది. బడిలో చేర్చడం, డాక్టరు దగ్గర నమోదు, ఇంటి అద్దె కాగితం, ఇవన్నీ స్థిరనివాసం మారిందనడానికి సాక్ష్యాలుగా పోగవుతాయి.

నమూనాపెట్టె (జవాబు)

తులాభారం గారు చెప్పింది నిజమే. అయితే పరీక్ష అనవసరం అనుకోవద్దు. పుట్టిన సర్టిఫికెట్‌లో పేరు లేనప్పుడు స్వదేశంలో తండ్రిగా ప్రకటించమని వేసే కేసుకు అదే పునాది. రెండూ పక్కపక్కన నడవాలి. పరీక్ష సంగతి నేను చెబుతాను.

ఇంటికి తెప్పించుకునే కిట్ కోర్టుకు పనికిరాదు. ఆ పుల్ల ఎవరి నోట్లో పెట్టారో చూసినవాళ్ళెవరూ ఉండరు కాబట్టి. కోర్టు పరీక్షలో ఏ పక్షానికీ చెందని వ్యక్తి నమూనా తీస్తారు. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూసి నంబరు రాసుకుంటారు, అక్కడికక్కడే ఫొటో తీస్తారు, సంతకం తీసుకుంటారు. కవరు మూత మీద సీలు వేసి, సీలు మీద తేదీ, సంతకం. ల్యాబ్‌లో కవరు తెరిచేవాళ్ళు సీలు చెక్కుచెదరలేదని రాస్తారు. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా ఎదుటి లాయరు అక్కడే పట్టుకుంటారు. ల్యాబ్‌కు ఐఎస్‌ఓ 17025 (పరీక్షా ల్యాబ్‌ల అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు ఉందా, మీ కేసు నడిచే దేశం ఆ ల్యాబ్‌ను ఆమోదిస్తుందా అన్నవి డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి.

నమూనా తీయడం నొప్పి లేని పని. దూది చుట్టిన పుల్లతో బుగ్గ లోపలి చర్మాన్ని అర నిమిషం పాటు గట్టిగా రుద్దుతారు, రెండు బుగ్గలకూ వేరు వేరు పుల్లలు. అంతకుముందు గంటసేపు ఏమీ తినకుండా ఉంటే మేలు. పాలు తాగే పసిబిడ్డ అయితే తల్లి కణాలు నోట్లో ఉంటాయి, కాబట్టి పాలు తాగిన వెంటనే తీయకూడదు, నోరు శుభ్రంగా తుడవాలి. పుల్ల బాగా ఆరాక కాగితం కవర్లో పెట్టాలి. తడిగా ప్లాస్టిక్ సంచిలో పెడితే బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. అప్పుడు నమూనా మళ్ళీ తీయాల్సి వస్తుంది, అందులో సమయం పోతుంది. ఒక్కో మనిషికి ఒక్కో కవరు, ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు.

తండ్రీబిడ్డలు వేర్వేరు దేశాల్లో ఉంటే రెండు పద్ధతులున్నాయి. ఒకే ల్యాబ్ రెండు చోట్లకూ కిట్లు పంపి, స్థానికంగా నమూనా తీసేవారిని ఏర్పాటు చేయడం మొదటిది. ఇదే మేలు. రెండు ల్యాబ్‌లు విడివిడిగా ప్రొఫైల్ తీసి ఫలితాల పట్టిక ఇచ్చిపుచ్చుకోవడం రెండోది. ఇందులో రెండూ ఒకే మార్కర్లు (పోల్చి చూసే డీఎన్‌ఏ చోట్లు) పరీక్షించాయా అని చూసుకోవాలి. బిడ్డ తరఫున సంతకం పెట్టాల్సింది కస్టడీ ఉన్నవాళ్ళు, అంటే ఇక్కడ తల్లి. ఆమె ఒప్పుకోకపోతే ఉత్తర్వు కావాలి. ఇంగ్లండ్‌లో తల్లి ఒప్పుకోకపోయినా బిడ్డ మేలు కోసమని కోర్టు నమూనాకు అనుమతి ఇవ్వగలదు. పెద్దవాళ్ళు నిరాకరిస్తే ఆ నిరాకరణ నుంచే జడ్జి తగిన నిర్ధారణకు రావచ్చు. ఫ్రాన్స్‌లో సివిల్ వ్యవహారంలో జడ్జి ఉత్తర్వు లేకుండా పితృత్వ పరీక్ష చేయించడమే నేరం, ఏడాది దాకా జైలు, 15,000 యూరోల దాకా జరిమానా. బిడ్డ తల వెంట్రుకలో పాలపీకో దొంగతనంగా సంపాదించి పరీక్ష చేయించవద్దు. అది సాక్ష్యం కాదు సరికదా, తండ్రి మీదే ఎదురు కేసు అవుతుంది.

రిపోర్టు చదవడం కూడా తెలియాలి. ఒక్కో మార్కర్ దగ్గర బిడ్డకు రెండు అంకెలుంటాయి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. ఉదాహరణకు డీ21ఎస్11 అనే మార్కర్ దగ్గర బిడ్డకు 28, 31 అనుకోండి. తల్లికి 28, 30. అంటే 28 తల్లిదే, 31 తండ్రి నుంచి రావాలి. పరీక్షించిన వ్యక్తికి 29, 31 ఉంటే అక్కడ సరిపోయినట్టు. ఇలా ఇరవై, అంతకంటే ఎక్కువ మార్కర్లు చూసి, ప్రతిదానికీ ఇండెక్స్, అంటే సంబంధం లేని మరొకరితో పోలిస్తే ఈయన తండ్రి అన్నదాన్ని ఆ ఫలితం ఎన్ని రెట్లు బలపరుస్తుందో చెప్పే అంకె, లెక్కించి, అన్నింటినీ గుణిస్తారు. అందుకే 99.99 శాతం అని వస్తుంది. అమెరికాలో పలు రాష్ట్రాలు అనుసరించే యూనిఫామ్ పేరెంటేజ్ యాక్ట్ కనీసం 99 శాతం, మొత్తం ఇండెక్స్ కనీసం 100 అడుగుతుంది.

ఒక్క మార్కర్ కలవకపోతే తండ్రి కాదని అర్థం కాదు. 30 ఉండాల్సిన చోట 31 అయ్యే చిన్న మార్పులు తరం మారేటప్పుడు జరుగుతుంటాయి. ఒకటి రెండు తేడాలుంటే ల్యాబ్ అదనపు మార్కర్లు పరీక్షించాలి. మూడు, అంతకంటే ఎక్కువ కలవకపోతే సాధారణంగా తండ్రి కాదంటారు. తల్లి నమూనా కూడా ఉంటే లెక్క బలపడుతుంది. ఆమె ఇవ్వకపోయినా పరీక్ష సాగుతుంది, అప్పుడు ఎక్కువ మార్కర్లు అడగండి. పరీక్షించిన వ్యక్తి సొంత అన్నదమ్ముడు కూడా తండ్రి కావచ్చన్న వాదన ఉంటే ల్యాబ్‌కు ముందే చెప్పాలి, లేకపోతే ఆ శాతం తప్పుదారి పట్టిస్తుంది. ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవాళ్ళ రక్తంలో దాత డీఎన్‌ఏ ఉంటుంది, బుగ్గ నమూనాలోనూ కలవొచ్చు, అదీ దాచకూడదు.

నీలిసిరా

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. అఫిడవిట్ సంగతి అసలు తెలియదు. ఇంకో సందేహం. పెళ్ళైన జంటలో భర్తే రిటర్న్ (బిడ్డను వెనక్కి పంపమని) అడిగితే, "ఈయన అసలు తండ్రే కాదు, పరీక్ష చేయించండి" అని భార్య కోర్టులో అంటే కేసు ఆగిపోతుందా?

ఏడో_అధికరణం (జవాబు)

సాధారణంగా ఆగదండీ, ఆగకూడదు కూడా. పెళ్ళిలో పుట్టిన బిడ్డకు భర్తే తండ్రి అని చాలా దేశాల చట్టం భావిస్తుంది. ఆ భావనను కొట్టేసే తీర్పు బిడ్డ నివసించిన దేశంలో వచ్చేదాకా ఆయనే చట్టం దృష్టిలో తండ్రి, కస్టడీ హక్కు ఆయనకున్నట్టే. రిటర్న్ కోర్టు కస్టడీ ఎవరికన్నది తేల్చదు, బిడ్డ తండ్రెవరన్నదీ తేల్చదు. పంపాలా వద్దా అన్నది మాత్రమే తేలుస్తుంది. అక్రమంగా తెచ్చారని సమాచారం అందాక కస్టడీ అసలు వివాదాన్ని అక్కడి కోర్టు ముట్టుకోకూడదని 16వ అధికరణం చెబుతుంది. ఆరు వారాల్లో తేల్చాలని 11వ అధికరణం. ఉత్తర్వు, నమూనా, రెండు దేశాల మధ్య కొరియర్, రిపోర్టు మీద అభ్యంతరాలు, ఇవన్నీ ఆ ఆరు వారాల్లో ఇమడవు. అందుకే ఈ కోరిక చాలాసార్లు కాలయాపన కోసమే వస్తుంది. భర్త తరఫు లాయరు మొదటి విచారణలోనే, పితృత్వం సంగతి బిడ్డ నివసించిన దేశపు కోర్టు తేల్చాల్సిందని రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టాలి.

పైగా ఆ భావనను సవాలు చేయడానికి గడువులున్నాయి. జర్మనీలో అనుమానించదగ్గ సంగతులు తెలిసిన నాటి నుంచి రెండేళ్ళు. గడువు దాటిపోయి ఉంటే డీఎన్‌ఏ ఏం చెప్పినా ఆయనే చట్టబద్ధమైన తండ్రి. తల్లికి ఈ విషయం ముందే తెలిసి, ఏళ్ళ తరబడి మాట్లాడకుండా ఉండి, రిటర్న్ కేసు పడగానే బయటపెడితే ఆ తేదీలే ఆమెకు ఎదురు తిరుగుతాయి.

రక్తసంబంధం లేకపోవడం ఒక్కటే 13వ అధికరణంలోని తీవ్రమైన ప్రమాదం కిందికి రాదు. కానీ అదే అధికరణంలో, తీసుకెళ్ళేనాటికి హక్కును వాడుకోవడం లేదన్న వాదన ఉంది, తల్లులు దాన్ని కూడా జతచేస్తారు. భర్త బిడ్డను బడికి దింపిన రికార్డు, టీకా కార్డు మీద సంతకం, ఖర్చులు కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్ లాంటివి తేదీలవారీగా సర్ది ఉంచండి. మీ మొదటి కేసులో వారానికి మూడు రోజులు చూసుకున్న తండ్రికీ ఇవే కావాలి.

ఆ తండ్రికి కస్టడీ హక్కు లేదనే తేలితే 21వ అధికరణం ఉంది, బిడ్డను కలిసే హక్కు కోసం. బిడ్డను వెనక్కి రప్పించే బలం దానికి లేదు. కానీ తండ్రిగా ప్రకటన వచ్చాక బిడ్డ ఉన్న దేశంలో క్రమం తప్పని కలయికకు, వీడియో కాల్స్‌కు, సెలవులకు ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. నమూనాపెట్టె గారు చెప్పిన రిపోర్టు అక్కడ సూటిగా పనిచేస్తుంది. మూడేళ్ళ బిడ్డ ఏడాదిపాటు తండ్రిని చూడకపోతే గుర్తుపట్టకపోవచ్చు, అందుకే రిటర్న్ కేసు నడుస్తుండగానే తాత్కాలికంగా వీడియో కాల్స్ అడగండి.

కాగితాల గురించి ఒక మాట. దరఖాస్తు మీ భాషలో ఉండొచ్చు, దాంతో పాటు బిడ్డ ఉన్న దేశపు అధికార భాషలో అనువాదం ఉండాలి. అది కుదరకపోతే ఫ్రెంచ్ లేదా ఇంగ్లిష్, అయితే ఆ రెండింటిలో ఒకదాన్ని అంగీకరించబోమని ముందే చెప్పిన దేశాలున్నాయి. ఈ ఒప్పందం కింద పత్రాలకు అపోస్టిల్ లాంటి ముద్రలు అక్కర్లేదని 23వ అధికరణం చెబుతుంది, దాని కోసం రెండు వారాలు పోగొట్టుకోవద్దు. బిడ్డ పేరు పాస్‌పోర్టులో, పుట్టిన సర్టిఫికెట్‌లో, ల్యాబ్ రిపోర్టులో, దరఖాస్తులో ఒకే స్పెల్లింగ్‌తో ఉందో లేదో నమూనా తీయకముందే చూడండి. ల్యాబ్‌వాళ్ళు నమోదు ఫారంలో రాసుకున్న పేరే రిపోర్టు మీద అచ్చవుతుంది, సీలు పడ్డాక దాన్ని మార్పించడం కష్టం.